టికెట్లన్నీ తనే తీసేవాడు

ప్రశ్న: నా వయసు 32. ఆరేళ్లు కలిసి ఉన్న మనిషితో ఐదు నెలల క్రితం విడిపోయాను. నిర్ణయం తనదే. పెద్ద గొడవేం జరగలేదు. "ఇక నాకు ఇష్టం లేదు" అన్నాడు, అంతే. మేమిద్దరం చాలా ఊళ్లు తిరిగాం. కానీ టికెట్లు తీసేది తను, దారి చూసేది తను, గది బాగుందో లేదో చెప్పేది తను. నేను కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసేదాన్ని. వెళ్లిపోయేటప్పుడు ఒక మాటన్నాడు: "నువ్వు ఒక్కదానివే పక్క ఊరు కూడా వెళ్లి రాలేవు." ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు. ఈ మధ్య ఒక 12 రోజుల ట్రెక్ చూశాను. 5,000 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలి. గ్రూపులో అందరూ కొత్తవాళ్లే. నేనింతవరకు ఒక్క కొండా ఎక్కలేదు. అడ్వాన్స్ కట్టడానికి వారం గడువుంది. ఇంట్లోవాళ్లు "ఈ బాధలో ఎక్కడికీ వద్దు" అంటున్నారు. స్నేహితురాలు "వెళ్లు, ఫొటోలు పెట్టు, వాడు చూసి ఏడవాలి" అంటోంది. నేను పారిపోతున్నానా? వెళ్లొస్తే నా మీద నాకు నమ్మకం తిరిగొస్తుందా?

సమాధానం: వెళ్లండి. కానీ ఈ ట్రెక్‌కి కాదు, ఇప్పుడు కాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నా కళ్లు కూడా ఆ 5,000 మీటర్ల దగ్గరే ఆగాయి. రెండోసారి కిటికీ దగ్గర ఆగాయి. కొండ ఎక్కలేకపోవడం మీ సమస్య కాదు. టికెట్ తీయడం, దారి అడగడం, గది నచ్చకపోతే "వేరేది చూపించండి" అనడం, ఇవీ ఆరేళ్లుగా మీరు చేయని పనులు. ఇప్పుడు ఆ గ్రూపు ట్రెక్ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎన్నింటికి లేవాలో గైడ్ చెబుతాడు. దారి గైడ్‌కి తెలుసు. టెంటు ఎక్కడ వేయాలో, ఏం తినాలో, ఎప్పుడు ఆగాలో అన్నీ వాళ్లే చూసుకుంటారు. మీరు మళ్లీ కిటికీ పక్కనే కూర్చుంటారు, కాకపోతే ఈసారి కిటికీ చాలా ఎత్తులో ఉంటుంది. 12 రోజులు కాళ్లు అరిగేలా నడిచి తిరిగొచ్చాక కూడా, పక్క ఊరికి ఒక్కదాన్నే వెళ్లగలనా అన్న సందేహం ఇంటి తలుపు దగ్గర మీకోసం కూర్చునే ఉంటుంది.

ఇది నా సొంత తర్కం మాత్రమే కాదు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీని మీద ఒక సిద్ధాంతం రాశాడు. ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషికి నాలుగు వైపుల నుంచి వస్తుందన్నాడు. స్వయంగా చేసి చూడటం ఒకటి. మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం రెండు. నువ్వు చేయగలవని ఇతరులు చెప్పడం మూడు. ఆ పని ముందు మన ఒంట్లో కలిగే దడ, వణుకు, వాటికి మనం చెప్పుకునే అర్థం నాలుగు. అన్నిటికంటే గట్టిది మొదటిది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గెలుపు వేరేవాళ్ల సాయం వల్ల వచ్చిందని మనకు అనిపిస్తే, ఆ గెలుపు మన ఖాతాలో సరిగ్గా పడదు. గైడ్ చేయి పట్టుకుని దాటించిన కనుమ మీకు మంచి జ్ఞాపకమవుతుంది. మీకు కావలసిన నమ్మకం మాత్రం అందులోంచి కొంచెమే వస్తుంది.

ఈ జాబితాలో అతని మాట ఎక్కడుందో చూశారా? మూడో చోట. "నువ్వు వెళ్లి రాలేవు" అన్నది కేవలం ఒకరు చెప్పిన మాట. మీ స్నేహితురాలి "నువ్వు వెళ్లగలవు" కూడా అంతే బలమైన మాట, అంతే బలహీనమైన మాట. నేను ఈ ఉత్తరంలో ఎంత ధైర్యం చెప్పినా ఆ వరసలోకే వస్తుంది. మాటకు మాట పోటీ పెడితే మొదట గాయపరిచిన మాటే గెలుస్తుంది. దాన్ని కదిలించాలంటే ఒక్కసారి వెళ్లి రావాలి, అదీ పక్క ఊరికే. అతను నిజంగా పక్క ఊరే అన్నాడు కదా, ఐదు వేల మీటర్లు అనలేదు.

మీ మొదటి ప్రయాణం ఇలా ఉండాలని నా సలహా. ఒక రాత్రి, మహా అయితే రెండు. మీరిద్దరూ కలిసి వెళ్లిన చోటు కాకూడదు. బస్సో రైలో నాలుగైదు గంటల దూరం, పగటిపూట చేరేలా. టికెట్ మీరే తీయండి, గది మీరే చూసి మాట్లాడండి. ఎవరినీ "ఏది బాగుంటుంది" అని అడగొద్దు. ఇది మాత్రం కచ్చితంగా పాటించండి. తప్పు గది ఎంచుకున్నా పర్వాలేదు, అది మీరు ఎంచుకున్న తప్పు గది అయితే చాలు.

అక్కడికి చేరాక ఏం చేయాలన్నది నేను చెప్పను. నిజానికి మీకే తెలియదని నా అనుమానం. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. బ్రేకప్ తర్వాత మనిషికి "నేనెవరు" అన్నదే మసకబారుతుందని 2010లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కలిసి ఉన్నన్నాళ్లూ ఇద్దరి ఇష్టాలు, అలవాట్లు, స్నేహాలు అల్లుకుపోతాయి. ఒకరు వెళ్లిపోయినప్పుడు మనిషి దూరమైన బాధ ఒక్కటే కాదు, మనలో కొంత భాగం ఎవరిదో తేలని గందరగోళం కూడా మిగులుతుంది. ఆరేళ్లలో "మాకు మ్యూజియంలు బోర్" అని ఎన్నిసార్లు అని ఉంటారు? అందులో మీకు బోర్ ఎంత, అతనికి బోర్ ఎంత? పొద్దున్నే లేచి తిరగడం మీకు ఇష్టమా, లేక అతను లేపేవాడా? ఒక చోట అరగంట ఊరికే కూర్చోవడం మీకు నచ్చుతుందేమో, ఇంతకాలం "పద పద" అనేవాళ్లు ఉండటం వల్ల తెలియలేదేమో. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకెళ్లి ఇలాంటివి రాసుకోండి. పెద్ద పెద్ద భావాలు అక్కర్లేదు. "ఎత్తు నుంచి కిందికి చూస్తే భయమేయలేదు." "గుంపులో చిరాకేసింది." ఇంతే చాలు.

సాయంత్రం గురించి మాత్రం ముందే హెచ్చరిస్తాను. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడే వేళకి గదిలో లైటు వేసి మంచం మీద కూర్చుంటారు చూడండి, అప్పుడు వస్తుంది అసలు బరువు. ఎదుటి టేబుల్ దగ్గర జంటలు కనిపిస్తాయి. ఫోన్ చేతిలోకి వస్తుంది. ఆ రెండు గంటలకు ముందే ఏదో ఒకటి పెట్టుకోండి: మనుషులున్న వీధిలో నడక, ఒక ప్రదర్శన, లేదా త్వరగా తినేసి పుస్తకం పట్టుకుని పడుకోవడం. ఏడుపొస్తే ఏడవండి. ప్రయాణంలో ఏడ్చినంత మాత్రాన ప్రయాణం చెడిపోదు.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మీలాంటి పరిస్థితిలోనే ఒక్కదాన్నే బస్సెక్కాను. కునుకు పట్టి, ఉలిక్కిపడి లేచి, దిగాల్సిన చోటికి ఒక స్టాపు ముందే దిగేశాను. బస్సు వెళ్లిపోయింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు. చీకటి పడుతోంది. అప్పుడు నాకు మొదట వచ్చింది భయం కాదండీ, కోపం. ఆ కోపంతో పక్కకు తిరిగాను, తిట్టడానికి అక్కడెవరూ లేరు. "నువ్వు చూసుకోవద్దా" అనడానికి మనిషి లేడు. ఇద్దరు వెళ్లినప్పుడు తప్పు ఎప్పుడూ పక్కవాళ్లదే అవుతుంది, ఒక్కరం వెళ్లినప్పుడు అది పూర్తిగా మనదే. తీరా చూస్తే ఆ తప్పు చాలా చిన్నది. రోడ్డు పక్కన ఒక పెద్దావిడని అడిగాను, మూడు కిలోమీటర్లు అంది, నడిచాను. ఆ మూడు కిలోమీటర్లు నడిచిన మనిషి ఆ తర్వాత ఎన్నో చోట్ల నాకు అక్కరకొచ్చింది. అప్పట్నుంచి బ్యాగులో పవర్ బ్యాంక్ లేకుండా మాత్రం గడప దాటలేదు.

ఇక మీ స్నేహితురాలి సలహా. ఆమె మీద కోపం లేదు, ప్రేమతోనే అంది. కానీ అతనికి చూపించడానికి వెళ్లే ప్రయాణంలో అతను మీ పక్క సీట్లోనే ఉంటాడు. ప్రతి మలుపులో "ఈ ఫొటో చూస్తే ఏమనుకుంటాడో" అని అతని కళ్లతోనే చూస్తారు. ఆ తర్వాత అతను చూశాడా లేదా అని స్టేటస్ తెరిచి తెరిచి చూసుకుంటారు. 2010లోనే హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమించినవాళ్లు కాదన్నాక కూడా వాళ్లనే ప్రేమిస్తూ ఉన్న 15 మందికి మెదడు స్కానింగ్ చేసింది. వెళ్లిపోయినవారి ఫొటో చూపించగానే కోరికకు, ప్రతిఫలానికి సంబంధించిన భాగాలు చురుగ్గా మారాయి. కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు చురుగ్గా మారే చోట్లు కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఆ చూసుకోవడం మీ బలహీనత కాదు, మెదడు పని చేసే తీరే అది. వ్యసనం లాంటిదాన్ని జేబులో పెట్టుకుని ప్రయాణించడం ఎందుకు? అతన్ని మ్యూట్ చేయండి, కుదిరితే బ్లాక్ చేయండి. ఫొటోలు తీసుకోండి కానీ ఇంటికొచ్చి వారమయ్యాక పెట్టండి. అప్పటికి పెట్టాలనిపించకపోతే మరీ మంచిది.

పారిపోతున్నానా అని అడిగారు. దీనికి నా దగ్గర ఉన్న కొలత చాలా మామూలుది. తిరిగొచ్చే తేదీ తెలుసా? తిరిగొచ్చాక ఏ పని చేయాలో తెలుసా? రెండూ తెలిస్తే అది ప్రయాణం. ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, ఎప్పుడొస్తానో తెలియదు అంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. ఐదు నెలల పచ్చి గాయం మీద జీవితంలో పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దన్నదే నా మాట. ఈ విషయంలో మీ ఇంట్లోవాళ్లు సగం కరెక్టే.

అలాగని ప్రయాణం మీద మోయలేని ఆశ కూడా పెట్టకండి. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. సెలవులకు ఎక్కడికైనా వెళ్లేవాళ్లు వెళ్లకముందు మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. సూట్‌కేసు సర్దేటప్పుడున్న ఉత్సాహం దాన్ని విప్పేటప్పుడు ఉండదన్నమాట. మీరు తిరిగొచ్చిన నాలుగో రోజు నీరసంగా అనిపిస్తే, "అంతా వేస్ట్, ఏం మారలేదు" అనుకోవద్దు. బాధ దాని గడువు ప్రకారమే పోతుంది. మీరు తెచ్చుకునేది వేరే: టికెట్ తీయడం వచ్చిన చేయి.

మరీనా అబ్రమోవిచ్, ఉలాయ్ అనే ఇద్దరు కళాకారుల కథ మీకు చెప్పాలి. 12 ఏళ్లు జంటగా బతికారు, కలిసే ప్రదర్శనలిచ్చారు. చైనా గోడకు రెండు చివరల నుంచి చెరొకరు నడుచుకుంటూ వచ్చి మధ్యలో పెళ్లి చేసుకోవాలని అనుకున్నారు. అనుమతులకే ఏళ్లు పట్టింది. అవి వచ్చేసరికి ప్రేమ అయిపోయింది. అయినా 1988లో నడిచారు. ఆమె సముద్రం వైపు నుంచి, అతను గోబీ ఎడారి వైపు నుంచి, 90 రోజులు. మధ్యలో కలుసుకున్నారు, విడిపోవడానికి. అంత నడకా వాళ్ల విడిపోవడాన్ని ఆపలేదు, నేననుకోవడం దాని నొప్పిని కూడా తగ్గించి ఉండదు. కానీ ఎవరి సగం వాళ్లు సొంత కాళ్లతో నడిచారు. నాకు ఆ కథలో నచ్చేది ఆ ముక్కే.

ఇప్పుడు ట్రెక్ సంగతి. అది వద్దనడం లేదు, దాన్ని ఐదో ప్రయాణం చేయండి అంటున్నాను. మొదటిది ఒక రాత్రి. తర్వాతది మూడు రోజులు, అందులో ఒక చిన్న కొండ. ఈలోగా వారానికి నాలుగైదు రోజులు గంటసేపు నడక, మెట్లు ఎక్కడం, తర్వాత బ్యాగులో బరువు వేసుకుని మెట్లు ఎక్కడం. వీపు మీద బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకండి. బూట్లు ముందే కొని, కనీసం నెల రోజులు తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లతో కొండకు వెళ్లి రెండో రోజే బొబ్బలతో కూలబడినవాళ్లను చాలామందిని చూశాను.

ఎత్తు విషయంలో మాత్రం సరదా లేదు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం దాని మొదటి గుర్తులు. 5,000 మీటర్ల దగ్గర సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో కాస్త అటూఇటూగా సగమే దొరుకుతుంది. జిమ్‌కి వెళ్లే మనిషి అయినా దీని నుంచి తప్పించుకోలేడు, శరీరం అలవాటు పడటానికి రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెబుతారు. అడ్వాన్స్ కట్టే ముందు ఆ నిర్వాహకులను ఇవి అడగండి: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? విశ్రాంతి రోజు ఉందా? ఒకరికి ఒంట్లో బాగోకపోతే వెంట ఎవరు దిగుతారు? ఇన్సూరెన్స్ ఆ ఎత్తుకు వర్తిస్తుందా? చాలా పాలసీలు ఒక ఎత్తు దాటాక చేతులెత్తేస్తాయి. ఈ ప్రశ్నలకు "ఏం కాదు మేడం, టెన్షన్ వద్దు" అని జవాబొస్తే ఆ గ్రూపు మీకు వద్దు. ఇలా అడగడం కూడా ప్రాక్టీసే.

వెనక్కి తిరగాల్సి వస్తే? గోరన్ క్రోప్ అనే స్వీడన్ పర్వతారోహకుడు తన దేశం నుంచి సైకిల్ తొక్కుకుంటూ నేపాల్ దాకా వచ్చాడు. 1996 మే మొదట్లో ఎవరెస్ట్ ఎక్కుతూ, శిఖరం ఇంకో 100 మీటర్లుందనగా, పొద్దుపోయిందని వెనక్కి దిగేశాడు. అదే నెల 23న మళ్లీ వెళ్లి, సిలిండర్ ఆక్సిజన్ లేకుండా శిఖరం చేరాడు. ఆ మొదటి రోజు దిగినందుకే కదా రెండోసారి వెళ్లడానికి మనిషి మిగిలాడు. మీరు కనుమ దాటకుండా తిరిగొస్తే, మిమ్మల్ని వదిలి వెళ్లిన మనిషి అన్న మాట నిజమైపోయినట్టు కాదు. తలనొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పి, గ్రూపు ముందు "నేను దిగుతాను" అనగలిగితే, ఆరేళ్ల కిటికీ సీటు తర్వాత అది మామూలు పని కాదు.

ఇంకొక్క విషయం, నవ్వుతూనే చెబుతున్నా. కొండల మీద మనుషులు చాలా అందంగా కనిపిస్తారు. 1974లో డట్టన్, ఆరన్ అనే ఇద్దరు కెనడాలో ఒక ప్రయోగం చేశారు. లోయ మీద 70 మీటర్ల ఎత్తులో ఊగే కపిలానో వంతెన ఒకటి, కదలని గట్టి వంతెన ఇంకొకటి. రెండు చోట్లా ఒక యువతి మగవాళ్లను కొన్ని ప్రశ్నలడిగి, తన ఫోన్ నంబర్ ఇచ్చింది. ఊగే వంతెన మీద నంబర్ తీసుకున్నవాళ్లే తర్వాత ఎక్కువమంది ఫోన్ చేశారు. గుండె దడ వంతెనది, వాళ్లేమో అది అమ్మాయి వల్ల అనుకున్నారని ఆ పరిశోధకుల లెక్క. మీ ట్రెక్‌లో ఎవరో చేయి అందించి వాగు దాటిస్తారు, గుండె కొట్టుకుంటుంది. కొట్టుకోనివ్వండి. ఇంటికొచ్చి మూడు వారాలు, చదునైన నేల మీద, మామూలు సోమవారాల్లో కూడా ఆ మనిషి అలాగే కనిపిస్తే అప్పుడు ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లను అనుమతి అడగకండి, సమాచారం ఇవ్వండి. "వెళ్లనా" అని అడిగితే వద్దనే అంటారు, వాళ్ల భయం వాళ్లది. "శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి వస్తున్నా, గది ఫలానా చోట, రోజూ రాత్రి తొమ్మిదికి మెసేజ్ చేస్తా" అనండి, చేయండి. లొకేషన్ ఒక్కరికి షేర్ చేస్తే చాలు, ఊరందరికీ అక్కర్లేదు. చోటు బాగా అనిపించకపోతే మొహమాటపడకుండా గది మార్చేయండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, కొంత డబ్బు వేరే జేబులో పెట్టుకోండి.

ఒక మాట మాత్రం సూటిగా. మీ ఉత్తరంలో రాయకుండా ఆపేసినవి ఏమైనా ఉంటే, అంటే వారాలుగా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి, అప్పుడు ఇవేవీ వద్దు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ రోజే, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని. కొండలు ఎక్కడికీ పోవు.

అదేం లేకపోతే, ఆ అడ్వాన్స్ గడువు పోనివ్వండి. వచ్చే శనివారానికి ఒక టికెట్ తీయండి, ఒక్కటే. ఏ ఊరికి తీశారో నాకు రాయండి. సీటు కిటికీ పక్కనే తీసుకున్నారా అన్నది కూడా రాయండి.